కళ్ళకద్దుకోని చెయ్యి

దుబాయ్‌లో పదకొండేళ్ళు ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాను. దుబాయ్ అని అలవాటు కొద్దీ అంటున్నాను. మా వరంగల్ వైపు ఆ దేశం మొత్తానికీ అదొక్కటే పేరు. నిజానికి నేనున్నది తూర్పు తీరంలో, ఖోర్ ఫక్కాన్‌లో. అసిస్టెంట్ కోచ్ అంటే మెడలో విజిల్, నెత్తిన టోపీ, చేతిలో కాగితాల అట్ట అనుకునేవాళ్ళు మా చుట్టాలు. సెలవుకి వచ్చినప్పుడు నేనూ అలాగే కోతలు కోసేవాణ్ణి. నా అసలు పని కొట్టడం. సాయంత్రం అసర్ నమాజు కాగానే మొదలుపెట్టి పొద్దుగూకేదాకా పన్నెండు మంది కుర్రాళ్ళను కొట్టేవాణ్ణి. నన్ను పెట్టుకున్నదే అందుకు.

లేబర్ క్యాంపులో ఎవరో పారేసిన పరుపులోంచి స్పాంజి కోసి, రెండు మోచేతులకీ తాడుతో బిగించి కట్టుకునేవాణ్ణి. రింగు కింద నిలబడేవాణ్ణి. కుర్రాళ్ళు వరసగా బంతి పట్టుకుని వచ్చి ఎగరాలి. ఎగిరినవాణ్ణి ఎగిరినట్టే డొక్కలో, భుజం మీద, దవడ మీద పొడవాలి. దెబ్బ పడుతున్నా కళ్ళు మూయకుండా బంతిని రింగులో వెయ్యడం వాళ్ళు నేర్చుకోవలసిన పాఠం. స్పాంజి వారం తిరక్కుండానే అప్పడంలా నలిగిపోయేది. ఆ తర్వాత ఎముకకి ఎముకే. ఒకడికి ముందు పళ్ళు రెండు ఊడాయి. ఇంకొకడు ముక్కులోంచి రక్తం కారుతుంటే పక్కనే ఉన్న సముద్రంలో మొహం కడుక్కొచ్చి, "యల్లా హిందీ, మళ్ళీ!" అని వరసలో నిలబడ్డాడు. అక్కడ మనవాళ్ళందరినీ హిందీ అనే పిలుస్తారు. కుర్రాళ్ళు నన్ను అసహ్యించుకోలేదు, అదొక ఆటలా తీసుకున్నారు. నాకూ సరదాగానే ఉండేది. ఇప్పుడు పెద్దమనిషిలా మొహం పెట్టి లేదంటే అబద్ధమవుతుంది.

ఈ విద్య నాకు వరంగల్‌లో అబ్బింది. కాలేజీలో మా డ్రిల్లు మాస్టారు జిల్లాలో పేరున్న కోచ్. ఆయన జట్టు ఓడిపోవడం చాలా తక్కువ. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రూళ్ళకర్ర ఉండేది. ఆయన మాకు నేర్పిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది, అన్నిటికన్నా నీచమైంది ఒకటుంది. ఎగిరి బంతి వేసినవాడు దిగేటప్పుడు కిందికి చూడడు, రింగు వైపే చూస్తాడు. వాడి పాదం దిగే చోటికి నువ్వు నీ పాదం జానెడు జరిపితే చాలు. వాడి మడమ మెలిపడుతుంది, అదృష్టం బాగోకపోతే మోకాలు వంగకూడని వైపుకి వంగుతుంది. చూసేవాళ్ళకి నువ్వు కదిలినట్టే ఉండదు.

మాకొక చిక్కు వచ్చిపడింది. ఎవరికైనా కాలు తగిలితే మనం ఏం చేస్తాం? వంగి ఆ మనిషిని చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం. మనిషికే కాదు, పుస్తకానికి తగిలినా, అన్నం గిన్నెకి తగిలినా అంతే. దీన్ని మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఆలోచించి చెయ్యం, చెయ్యి దానంతటదే పోతుంది. మేమూ అవతలివాడి కింద పాదం పెట్టేవాళ్ళం, వాడు కూలేవాడు, మరుక్షణం మా చెయ్యి వాణ్ణి తాకి మా కళ్ళ దగ్గరికి వచ్చేసేది. రిఫరీ కూడా మనవాడే కదా. ఎవడి చెయ్యి కళ్ళకి పోయిందో వాడిదే తప్పని ఈల వేసేవాడు. సాక్ష్యం అక్కర్లేకుండా దొంగ తనంతట తానే దొరికిపోయినట్టు ఉండేది వ్యవహారం.

మాస్టారు ఆ అలవాటు మాన్పించారు. మమ్మల్ని చెప్పుల్లేకుండా ఎదురెదురుగా నిలబెట్టి ఒకళ్ళ పాదాలు ఒకళ్ళచేత తొక్కించేవారు. ఎవడి చెయ్యి వంగితే వాడి వేళ్ళ కణుపుల మీద రూళ్ళకర్ర పడేది. మొదటి రోజు అందరం దెబ్బలు తిన్నాం. నెల తిరిగేసరికి ఇంకా దెబ్బలు తినేవాళ్ళం ఇద్దరు ముగ్గురం మిగిలాం. నాకు ఆరు నెలలు పట్టింది. కణుపులు వాచి కలం పట్టలేక ఆ ఏడాది ఒక పరీక్ష పోగొట్టుకున్నాను. చివరికి నా చెయ్యి కదలడం మానేసింది. యూనివర్సిటీ పోటీల ఆఖరి ఆటలో గుంటూరు నుంచి వచ్చిన జట్టులో ఒకడుండేవాడు, చాలా మంచి ఆటగాడు. వాడి కింద పాదం పెట్టాను. ఎండు చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. వాడు అమ్మా అని అరుస్తుంటే నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. రిఫరీ ఈల వెయ్యలేదు. ఆ రోజు మాస్టారు నన్ను హోటలుకి తీసుకుపోయి బిర్యానీ తినిపించారు. రెండు ప్లేట్లు తిన్నాను. వాడు మళ్ళీ ఆడాడో లేదో నేను ఎవర్నీ అడగలేదు.

ఆటతో ఉద్యోగం రాలేదు. డెబ్బైల మధ్యలో అందరితో పాటే దుబాయ్ వచ్చి ఫుజైరా దగ్గర ఒక రాళ్ళ క్వారీలో పడ్డాను. ఆ క్వారీ గురించి ఎక్కువ చెప్పను. పొద్దున పేలుళ్ళు, తర్వాత రోజంతా క్రషర్ మోత. నోట్లో ఉమ్మి బూడిద రంగులో వచ్చేది. ఫోర్‌మన్ చేతిలో రబ్బరు గొట్టం ఉండేది, అది ఎవరి వీపు మీద పడుతుందో వాడికే తెలియదు. నా పక్క మంచం మనిషి, నిజామాబాద్ వైపువాడు, ఒక మధ్యాహ్నం క్రషర్ బెల్టులో చెయ్యి పెట్టాడు. ఆ చేతిని బయటికి తీసింది నేనూ ఇంకొకడూ. మోచేతి దాకా ఏమీ మిగల్లేదు. గంట తర్వాత బెల్టు కడిగించి మళ్ళీ నడిపించారు.

ఆ కంకర లారీలో లోడర్‌గా ఒకరోజు ఖోర్ ఫక్కాన్ వెళ్ళాను. సముద్రపు ఒడ్డున ఒక టెక్నికల్ కాలేజీ, దానికి సిమెంటు కోర్టు పోస్తున్నారు. అప్పటికే పూర్తయిన సగంలో కుర్రాళ్ళు ఆడుతున్నారు. బంతి ఒకటి నా బూట్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. ఉండబట్టలేక తీసి నిలబడ్డచోటి నుంచే విసిరాను, పడింది. కోచ్ చూశాడు. అతను ఈజిప్టువాడు, అందరూ కెప్టెన్ అనేవాళ్ళు, వాళ్ళ భాషలో కోచ్‌కి అదే గౌరవం. మళ్ళీ వెయ్యమన్నాడు, మళ్ళీ పడింది. అప్పుడు ఊరికే చూడడానికన్నట్టు భుజంతో నా రొమ్ము మీదికి వచ్చాడు. నేను మోచెయ్యి వాడాను. ఆరడుగుల మనిషి వెల్లకిలా పడ్డాడు. చచ్చాన్రా అనుకున్నాను. అతను లేచి, పెదవి మీద రక్తం తుడుచుకుని, పకపకా నవ్వాడు.

"ఖలాస్! ఇక నువ్వు నా మనిషివి," అన్నాడు అరబ్బీ, హిందీ కలిపి.

క్వారీ కఫీల్‌తో, అంటే మా వీసాల యజమానితో, మాట్లాడి నా వీసా కాలేజీకి మార్పించాడు. నన్ను తన ముసాయిద్‌ని చేశాడు, అంటే సహాయకుణ్ణి. నాకు ఒక గది, నల్లాలో నీళ్ళు, తిండి. ఆ మొదటి రోజు స్నానం చేస్తే కాళ్ళ దగ్గర నీళ్ళు చాలాసేపు బూడిద రంగులో పోయాయి. కెప్టెన్‌కి కోపం వస్తే చెయ్యి లేచేది. కుర్రాళ్ళను కొట్టేవాడు, వాళ్ళ ముందే నన్నూ రెండుసార్లు చెంప మీద కొట్టాడు. కొట్టనప్పుడు కొండల వైపు వేలు చూపించి "హజర్" అనేవాడు. హజర్ అంటే రాయి. మళ్ళీ క్వారీకి పంపిస్తానని. చెంపదెబ్బ కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ భయం వేసేది.

కాలేజీకి పోర్టు జట్టుతో పోటీ. పోర్టులో పనిచేసే అన్ని దేశాలవాళ్ళూ కలిసి పెట్టుకున్న జట్టు అది, ఏటా కప్పు వాళ్ళదే. నా నాలుగో ఏడు ఆ జట్టులోకి ఒక కొత్తవాడు వచ్చాడు. మన గోదావరి జిల్లా మనిషి, పోర్టులో క్రేన్ ఆపరేటరు. మొదటిసారి ఎలా కలిశాడంటే, నేను కోర్టులో కుర్రాళ్ళను తెలుగులో బూతులు తిడుతున్నాను. వాళ్ళకి అర్థం కాదు కదా, నాకు ధీమా. కంచె అవతల నిలబడి ఒక సన్నటి మనిషి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"ఆయ్! అన్నగారు, మీరు మనోరేనాండి? ఎన్నాళ్ళయిందండి ఇంత చక్కటి తిట్టు విని! ప్రాణం లేచొచ్చిందండి!"

"ఎవనివి నువ్వు తమ్మీ? లోపలికి రా," అన్నాను. సిగ్గుపడ్డాను కూడా.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం క్యారియర్ పట్టుకుని నా గదికి వచ్చేవాడు. వంజరం పులుసు వండేవాడు. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసి నాకు పెద్ద ఉపన్యాసం ఇచ్చేవాడు. అతని భార్య కూడా ఆ దేశంలోనే ఉంది, కొండలకి అవతల, దుబాయ్ కరామాలో ఒకరి ఇంట్లో పనిమనిషి. నెలకొక పూట చూసుకుంటే గొప్ప. పోర్టులో పెద్ద క్రేన్ నడిపే గ్రేడు వస్తే కుటుంబానికి గది ఇస్తారు. దానికోసం పరీక్ష రాశాడు, ఇక డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. మాటకి ముందు గది, మాటకి వెనక గది. కిటికీ ఏ వైపు ఉంటుందో కూడా చెప్పేవాడు.

"పోర్టు వైపుకేనన్నా. నేను క్రేన్ మీద ఉంటే ఆవిడకి కనబడతాను. చెయ్యి ఊపుతానని చెప్పానండి."

"ఊపు, ఊపు. కంటైనర్ తీస్కపోయి మునిసిపాల్టీ మీద వెయ్యి," అన్నాను.

ఒక శుక్రవారం కింద కూర్చుని తింటున్నాం. అతను మోకాలు సర్దుకోబోతుంటే పాదం నా తొడకి తగిలింది. మాట ఆపలేదు, నోట్లో ముద్ద ఉంది, ఎడమచెయ్యి వచ్చి నా తొడని తాకి అతని కళ్ళకి పోయింది. అతని మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉండేది. దేవుడు ఎవరైనా మన వైపు పిల్లలకి ఈ అలవాటు మాత్రం ఒకటే.

"ఇంకా పోలేదా నీకు గా అలవాటు?" అన్నాను.

"పోవడమేంటండి? అదేమన్నా జలుబా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. నాది ఎలా పోయిందో మాత్రం చెప్పలేదు.

కోర్టులో అతను మహా తేలిగ్గా ఎగిరేవాడు. కోచ్ దగ్గర నేర్చుకున్నవాడు కాదు, మిషన్ స్కూల్లో తాటిపట్టెకి కట్టిన రింగులో వేసి వేసి నేర్చుకున్నాడు. మా కుర్రాళ్ళు ఎంత పొడిచినా అతనికి పట్టేది కాదు. ఆ ఏడు ఫైనల్‌కి ముందు జరిగిన ఆటలో మామీద ఒక్కడే సగం పాయింట్లు వేశాడు. కెప్టెన్ ఆ రోజు బల్ల తన్ని విరగ్గొట్టాడు. మర్నాడు నన్నూ, మా జట్టులో అందరికన్నా మంచి ఆటగాణ్ణీ పిలిచాడు. ఆ ఆటగాడు స్థానికుడు, చేపల పడవ యజమాని కొడుకు, ఇరవై దాటినవాడు, పెద్దగా మాట్లాడడు.

"ఆ క్రేన్ వాడు ఫైనల్ పూర్తిగా ఆడకూడదు," అన్నాడు కెప్టెన్. "హిందీ, నీ పాదం పని ఇతనికి నేర్పు."

నా పాదం సంగతి కెప్టెన్‌కి నేనే చెప్పాను. కొత్తలో, గొప్పకి, బిర్యానీ సంగతితో సహా చెప్పాను. మూడు సాయంత్రాలు ఆ ఆటగాడికి నేర్పాను. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు జరపాలి, జరిపాక మొహం ఎటు తిప్పాలి. అతను చెప్పినట్టే చేశాడు. మూడో రోజు సాటి కుర్రాడి మీద నిజంగా చెయ్యమన్నాడు కెప్టెన్. అతను బంతి కింద పెట్టేశాడు.

"ఐబ్," అన్నాడు.

సిగ్గుమాలిన పని అని. ఒక్క మాటే. కెప్టెన్ అతని చెంప పగలగొట్టాడు. అతను పడలేదు, చెయ్యి ఎత్తలేదు, మళ్ళీ అదే మాట అన్నాడు. ఇంకో దెబ్బ పడింది, చెవిలోంచి సన్నగా రక్తం వచ్చింది. మూడోసారీ అదే మాట. చివరికి కెప్టెనే ఆయాసపడుతూ ఆగిపోయాడు. నేను పక్కనే నిలబడి చూశాను. అతని దేశం, అతని సముద్రం, అతని నాన్న పడవ, వాడికేం, అంటాడు, అనుకున్నాను ఆ రోజు. ఇప్పటికీ ఆ మాటలో కొంత నిజముందనే అంటాను. కానీ వాడు తిన్న దెబ్బలు కూడా నిజమే, నేను ఒక్కటి కూడా తినలేదు.

ఆ కప్పులో జట్లకి మనుషులు చాలక, సిబ్బందిలో ఒకరు ఆడొచ్చని వెసులుబాటు ఉండేది. కెప్టెన్ నా వైపు తిరిగాడు. కొండల వైపు చూశాడు, అంతే.

"సరే," అన్నాను.

ఫైనల్ ముందు శుక్రవారం ఆ గోదావరి మనిషి ఎప్పటిలాగే వచ్చాడు. నేనూ ఆడుతున్నానని తెలిసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. డాక్టరు పరీక్ష వచ్చే వారమేనట, ఆవిడ ఆ ఇంట్లో పని మానేస్తానని అప్పుడే చెప్పేసిందట. చేప ముక్క నా కంచంలో వేస్తూ, "మన ఇద్దరం ఎదురెదురుగా ఆడతాం కదన్నా, మీ ముందు ఆడాలంటే భయంగా ఉందండి," అన్నాడు. ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది. నా దగ్గర ఎగరకు తమ్మీ, అంటే చాలు. కాలు నొప్పి అని ఆట మానెయ్, అన్నా చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే నిజామాబాద్ మనిషి చెయ్యి గుర్తొచ్చింది, బెల్టు కడిగిన నీళ్ళు గుర్తొచ్చాయి. చేప బాగుందని చెప్పి తిన్నాను.

ఫైనల్ మొదటి నిమిషం నుంచే కొట్లాటలా నడిచింది. సాయంత్రం ఉక్క, సముద్రం మీంచి తడి గాలి, సిమెంటు జారుతోంది. పోర్టువాళ్ళు క్రేన్ల నీడలోంచి వచ్చి కోర్టు చుట్టూ నిండిపోయారు. రిఫరీ ఒక పాలస్తీనా మనిషి, స్కూల్లో లెక్కలు చెప్పేవాడు, నెమ్మదస్తుడు. అతనికి చూపు ఆనేది, కానీ ఈల గట్టిగా వచ్చేది కాదు. మా కుర్రాడొకడి కనుబొమ చిట్లింది. వాళ్ళలో ఒకడికి భుజం ఊడితే పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. నేను గోదావరి మనిషిని డొక్కలో నాలుగుసార్లు పొడిచాను, మామూలు దెబ్బలే. ప్రతిసారీ "అబ్బో అన్నా!" అని నవ్వాడు. అది ఆటలో భాగమే అనుకున్నాడు.

పడవ యజమాని కొడుకు చెవిలో దూది పెట్టుకుని ఆడాడు. రక్తం కారినా మంచి ఆట ఆడాడు. మేం గెలవడానికి నా పాదం అక్కర్లేదేమో అని కూడా అనిపించింది నాకు మధ్యలో. చివర్లో మాకు ఒక్క పాయింటు ఎక్కువుంది, టైము అయిపోవస్తోంది. బంతి గోదావరి మనిషి చేతికి వచ్చింది. అతను నా మీదికే వచ్చాడు, ఎగిరాడు. కెప్టెన్ అరవలేదు. నేను కెప్టెన్ వైపు చూడలేదు కూడా. ఎవరి బలవంతమూ లేని ఆ క్షణంలో నా ఎడమ పాదం జానెడు జరిగింది.

అదే చప్పుడు. వరంగల్‌లో విన్నదే. బంతి రింగుకి కొట్టుకుని బయటికి పోయింది. అతను ముందు నా పాదం మీదికి, అక్కడి నుంచి పక్కకి పడ్డాడు. మోకాలు పక్కకి తిరిగిపోయింది, కింది కాలు వేరే మనిషిదిలా ఉంది. ఒక్క కేక వేశాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. మాస్టారు నేర్పినట్టే. నా చెయ్యి కదల్లేదు.

రిఫరీ పరుగెత్తుకొచ్చాడు. ఈల నోట్లో ఉంది, కానీ ఎవరి మీద వెయ్యాలో తెలియక నా మొహం, అతని మొహం మార్చి మార్చి చూస్తున్నాడు. నా మీద వేస్తే పోర్టువాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు, కప్పు వాళ్ళదే. అప్పుడు కింద పడున్న అతను మెడ ఎత్తి, చెమటా మట్టీ అంటుకున్న చెయ్యి చాపి, నా బూటుని తాకాడు. ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"తొక్కేశానాండి అన్నా?" అన్నాడు. పళ్ళు కరుచుకున్నాడు, మాట సరిగ్గా రాలేదు. "చూసుకోలేదండి."

అక్కడున్న తెలుగువాళ్ళకి అది ఏమిటో తెలుసు. రిఫరీకి తెలియదు. కింద పడ్డ మనిషి ఎదుటివాడి కాలు పట్టుకుని క్షమించమంటున్నాడు, కనుక తప్పు వాడిదే అనుకున్నాడు పాపం లెక్కల మాస్టారు. చక్కగా ఈల వేసి అతని మీద ఫౌల్ చెప్పాడు. బంతి మాకిచ్చాడు. వరంగల్‌లో చెయ్యి కళ్ళకి పోయినవాడే నేరస్థుడు, ఇక్కడా అంతే అయింది. పోర్టువాళ్ళు మీద పడ్డారు, కుర్చీలు లేచాయి, ఎవడో నా వీపు మీద ఇనపరాడ్డుతో కొట్టాడు, కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ దెబ్బ నాకు బాగుంది. ఇంకో నాలుగు పడితే బాగుండుననిపించింది. కానీ నలుగురు పట్టుకుని వాణ్ణి లాగేశారు. కప్పు మేమే గెలిచాం.

అతన్ని పికప్‌లోకి ఎత్తింది నేనే. దారంతా కుదుపు వచ్చినప్పుడల్లా నా చొక్కా గుప్పెట పట్టుకుని పిండాడు.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. తొడ దాకా కట్టు. భార్య కరామా నుంచి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీరే మోసుకొచ్చారంట కదండీ అన్నయ్యగారూ. మీ రుణం ఎలా తీర్చుకోవాలో," అంది.

క్రేన్ నిచ్చెన ఇక ఎక్కలేడని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. పోర్టువాళ్ళు ఊరికి టిక్కెట్టు రాసేశారు. ఆవిడ ఆ ఇంట్లో మళ్ళీ చేర్చుకోమని అడిగితే వేరేవాళ్ళని పెట్టుకున్నామన్నారట. ఇద్దరూ కలిసే వెళ్ళిపోతున్నారు. వాళ్ళు ఆ దేశంలో ఒక కప్పు కింద వరసగా రెండు రోజులున్నది ఆ ఆసుపత్రి వార్డులోనే.

"మీ కాలు ఎలా ఉందన్నా?" అని అడిగాడు అతను. "గట్టిగా తొక్కేశానండి ఆ రోజు. మీ బూటు నలిగిపోయింది, చూశాను."

"పర్లేదు తమ్మీ. తగ్గింది," అన్నాను.

"ఈయనకి చూసుకోవడం ఎప్పుడూ లేదండి. ఏమనుకోకండి," అంది ఆవిడ. నారింజపండు వలిచి తొనలు నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఏడుపొచ్చింది, దగ్గులా కప్పిపుచ్చుకున్నాను.

లేచేటప్పుడు ఆగలేకపోయాను. ఏమీ చెప్పలేను కనుక, కనీసం చెయ్యాల్సింది చేద్దామనుకున్నాను. వంగి అతని కట్టు మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని కళ్ళ దగ్గరికి తీసుకోబోయాను. అతను సగం లేచి నా మణికట్టు పట్టేసుకున్నాడు.

"అయ్యయ్యో! ఏంటండి ఇది? పెద్దోరు మీరు, నా కాలు ముట్టుకోవడమేంటండి? పాపం తగులుతుందండి నాకు!"

రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. క్రేన్ లీవర్లు లాగిన చేతులు. అయినా నేను మోచెయ్యి విదిలిస్తే ఊడిపోయేవే, నాలుగేళ్ళుగా ఆ మోచేతులతోనే బతుకుతున్నాను. విదిలించలేదు. అతను వద్దంటున్నాడు కదా అని ఊరుకున్నాను. చెయ్యి నా కళ్ళదాకా రాలేదు. వాళ్ళిద్దరికీ జాగ్రత్తలు చెప్పి బయటికొచ్చేశాను.

మర్నాడు అసర్ అయ్యాక కొత్త స్పాంజి కట్టుకుని కోర్టుకి వెళ్ళాను. వీపు వాచి ఉంది. కెప్టెన్ నా భుజం తట్టాడు. కుర్రాళ్ళు ఎప్పటిలాగే వరసగా వచ్చి ఎగిరారు, నేను ఎప్పటిలాగే కొట్టాను. ఆ తర్వాత ఇంకో ఏడేళ్ళు కొట్టాను, క్వారీకి తిరిగి వెళ్ళే అవసరం రాలేదు. పడవ యజమాని కొడుకు ఇంకా రెండేళ్ళు మా జట్టులో ఆడాడు. నాతో మాట్లాడడం మానలేదు, దెబ్బలకి తప్పుకోనూ లేదు. కానీ ఎగిరే ముందు ప్రతిసారీ ఒకసారి తల వంచి, నా ఎడమ పాదం ఎక్కడుందో చూసుకునేవాడు.